కథను రెండోసారి చదివితే

'దిద్దుబాటు' నుంచి 'యజ్ఞం' దాకా... మన పాత కథల్లో అసలు విషయం ఎక్కడ దాగి ఉంటుంది? రచయిత దాన్ని ఎలా దాచాడు?

తెలుగు పరీక్ష పేపరులో కథ గురించి ఒక ప్రశ్న తరచూ కనిపిస్తుంది: ఈ కథలోని నీతి ఏమిటి? గైడు తెరిస్తే జవాబు రెండు వాక్యాల్లో దొరుకుతుంది. ఆ రెండు వాక్యాలూ బట్టీ పట్టిన పిల్లాడికి మార్కులు పడిపోతాయి. కథంతా చదివి, ఎక్కడో ఒకచోట మనసు చివుక్కుమని, ఆ బాధేమిటో మాటల్లో పెట్టలేక తడబడిన పిల్లకు మాత్రం సున్నా రావచ్చు. కథంటే నీతికి చుట్టిన పొట్లం అనీ, పొట్లం విప్పి నీతి తీసుకున్నాక కాగితం పారేయొచ్చనీ మన పిల్లలకు మనమే నేర్పుతున్నాం. ఇది కథకు జరుగుతున్న అన్యాయం. పిల్లలకు జరుగుతున్న అన్యాయం కూడా.

నీతి ఒక్కటే కావాలంటే గురజాడ, చాసో, పద్మరాజు, కారా ఇంత శ్రమపడాల్సిన పని లేదు. సామెత చాలు. వాళ్లు కథే రాశారంటే, సామెతలో పట్టనిది ఏదో వాళ్ల దగ్గర ఉంది. మన విమర్శకులు దాన్ని వస్తువు, శిల్పం అని రెండు ముక్కలు చేసి ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వస్తువు గొప్పదైతే చాలని కొందరు, శిల్పం లేనిదే కథ కాదని కొందరు. మదనపల్లెకు చెందిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' పేరుతో ఒక పుస్తకమే రాశారు, దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ వాదంలో నా మాట ఒక్కటే. మంచి కథలో ఈ రెండింటినీ విడదీయలేం. ఎలా చెప్పాడన్నది పక్కన పెడితే ఏం చెప్పాడన్నది కూడా చేజారిపోతుంది. నమ్మకపోతే మనందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడదాం.

మంచం కింద ఎవరున్నారు?

1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' అచ్చయింది. చాలా చిన్న కథ. గోపాలరావు రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. సానిపాట విని వస్తున్నాడు. తలుపు దగ్గర పిలిస్తే పలికేవాళ్లు లేరు. లోపల భార్య కమలిని కనిపించదు. ఆమె రాసి పెట్టిన ఉత్తరం దొరుకుతుంది. మీకు అడ్డు ఉండకుండా వెళ్లిపోతున్నానని దాని సారాంశం. నౌకరు రాముణ్ని లేపుతాడు, కంగారు పడతాడు, తన తప్పు తలచుకుని కుంగిపోతాడు. ఎలాగైనా ఆమెను తీసుకురమ్మని రాముణ్ని బతిమాలతాడు. అంతలో మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు. కథ అయిపోతుంది.

మొదటిసారి చదివినప్పుడు మనం గోపాలరావు పక్కనే నిలబడి ఉంటాం. అతనికి తెలిసినంతే మనకూ తెలుసు. అతనితో పాటే ఇల్లంతా వెతుకుతాం, ఉత్తరం చదువుతాం, చివర్లో ఉలిక్కిపడతాం. నవ్వుకుని పుస్తకం మూసేస్తాం. అక్కడ ఆగకుండా వెంటనే మళ్లీ మొదటి వాక్యానికి వెళ్లండి. మంచం కింద ఒక మనిషి ఉందని ఈసారి మనకు తెలుసు, గోపాలరావుకు తెలియదు. అంతే, అతను నోరు తెరిచిన ప్రతిసారీ మాట రెండు రకాలుగా వినపడుతుంది. ఆడవాళ్లకు చదువెందుకన్నట్టు రాముడు మాట్లాడితే, గోపాలరావు చదువుకున్న స్త్రీని ఆకాశానికెత్తుతాడు. మొదటిసారి అది ఒక సంస్కరణవాది ఉపన్యాసంలా ఉంటుంది. అర్ధరాత్రి నిద్రకళ్ల నౌకరుకు ఉపన్యాసమేమిటని కూడా అనిపిస్తుంది. రెండోసారి చదువుతున్నప్పుడు, ఆ ఉపన్యాసం వింటున్నది రాముడొక్కడే కాదు. ఎవరి చదువు గురించి అతను మాట్లాడుతున్నాడో ఆ మనిషే అక్కడ ఊపిరి బిగబట్టి వింటోంది. చదువుకున్న భార్య గొప్పదని అతను చెబుతున్న గదిలోనే ఆ చదువుకున్న భార్య అతన్ని పరీక్షకు కూర్చోబెట్టింది.

పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలియడం వల్ల మాటకు పదును రావడాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు. నిర్వచనం గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు. గురజాడ దాన్ని ఎక్కడ వాడాడో చూడండి. మొదటి చదువులో అది లేదు. రెండో చదువు కోసం దాచి ఉంచాడు. ఆయన నాటకకర్త కూడా. 'కన్యాశుల్కం' మార్చి రాసిన రెండో కూర్పు వచ్చింది 1909లో, అంటే 'దిద్దుబాటు'కు ముందు ఏడాదే. ఆ నాటకం తొలి అంకంలో మధురవాణి ఇంట్లో మంచం కింద ఎవరు దూరారో గుర్తు తెచ్చుకోండి. రామప్పంతులు, గిరీశం. పరువు కాపాడుకోవడానికి సాని ఇంట్లో మంచం కింద దూరిన మగవాళ్లు. 'దిద్దుబాటు'లో మంచం కిందకు వెళ్లింది ఇల్లాలు. ఆమె దాక్కున్నది భయంతో కాదు, చూడటానికి, వినటానికి. నాటకంలో నవ్వు పుట్టించిన ఏర్పాటునే గురజాడ కథలో తిరగేసి వాడుకున్నాడని నా అభిప్రాయం. నవ్వే హక్కు ఈసారి దాక్కున్న మనిషిది.

ఇప్పుడు చెప్పండి, ఈ కథావస్తువు ఏమిటి? సాని కొంపలకు పోరాదన్నది గైడు జవాబు. అది తప్పని నేను అనను. కానీ కథ పట్టుకున్నది వేరే చోట ఉంది. మొగుడు దయతో భార్యకు చదువు చెప్పాడు. చదువు చెప్పేవాడు ఎప్పుడూ పైమెట్టు మీదే ఉంటానని నమ్మాడు. ఆ చదువే ఒకరోజు ఉత్తరమై వచ్చి అతన్ని నిలదీసింది. స్త్రీ విద్య కోసం సభల్లో మాట్లాడిన ఆనాటి మగవాళ్లలో ఎంతమంది ఈ సంగతి ముందే ఊహించి ఉంటారు? గురజాడ ఊహించాడు. ఆ ఊహను ఒక్క వాక్యంలో కూడా చెప్పకుండా గాజుల చప్పుడు మీద పెట్టాడు.

అదే మాట, ఎనిమిదేళ్ల ముందు

తెలుగులో మొదటి కథ ఏదన్న చర్చ మనకు కొత్త కాదు. 1902లో 'హిందూ సుందరి' పత్రికలో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' వచ్చింది. దానికి ఆ గౌరవం ఇవ్వాలని చాలామంది అంటున్నారు. ఎవరు ముందు అన్నది ఇక్కడ నాకు ప్రధానం కాదు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే వచ్చే వెలుగు ప్రధానం.

'ధనత్రయోదశి'లో పండగ ముందు ఒక పేద ఇల్లు. చేతిలో డబ్బు లేదు. భర్త తప్పుదారిలో డబ్బు తెస్తాడు. భార్య ఆ డబ్బు ముట్టుకోనంటుంది, తిరిగి ఇచ్చెయ్యమంటుంది. గమనించారా? భర్త తప్పు చేస్తాడు, భార్య సరిచేస్తుంది. 'దిద్దుబాటు' ఎముకల గూడు కూడా ఇదే. తేడా అంతా ఆ సరిచేయడం ఎలా జరిగిందన్న దగ్గర ఉంది. అచ్చమాంబ కథలో భార్య ఎదురుగా నిలబడి తన మాట తానే చెబుతుంది. 1902లో ఒక స్త్రీ కలం పట్టి, మరో స్త్రీ నోట అంత గట్టి మాట పలికించడమే పెద్ద సాహసం. అక్కడ కథావస్తువు మాటల్లోనే ఉంది, ఉండాల్సిందీ అక్కడే. గురజాడ కథలో భార్య గొంతు ఉత్తరంలో తప్ప వినపడదు. ఉన్నది నవ్వు, గాజులు. ఒకే వస్తువు రెండు దారుల్లో నడిచి రెండు వేర్వేరు కథలైంది. శిల్పం పైపూత అనుకునేవాళ్లు ఈ రెండు కథలనూ ఒకే మధ్యాహ్నం చదవాలని నా కోరిక.

మన అలంకారశాస్త్రానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో చర్చించినది ఇదే: పైకి చెప్పిన అర్థం ఒకటి, దాని వెనక స్ఫురించే అర్థం మరొకటి, కావ్యానికి ప్రాణం ఆ రెండోదానిలో ఉంటుంది. ఆయన మాట్లాడింది కావ్యాల గురించి. వెయ్యేళ్ల తర్వాత పుట్టిన చిన్నకథకు ఆ మాట ఇంకా బాగా సరిపోతుంది. చిన్నకథకు చోటు తక్కువ. అమెరికాలో ఎడ్గార్ అలన్ పో 1842లో హాథార్న్ కథల మీద సమీక్ష రాస్తూ, కథ ఒక్క విడతలో చదివేలా ఉండాలనీ, అందులోని ప్రతి మాటా ముందే అనుకున్న ఒకే ముద్ర కోసం పనిచేయాలనీ వాదించాడు. అంత ఇరుకు చోట అన్నీ విప్పి చెప్పలేం. మిగిలింది స్ఫురింపజేయడమే.

కొసమెరుపు నిజాయితీ

చివర్లో ఉలిక్కిపడేలా చేస్తే చాలు, మంచి కథ అయిపోతుందన్న భ్రమ మన పత్రికల కథల్లో చాలాకాలం ఉంది. ఇప్పటికీ పోలేదు. కొసమెరుపు చెడ్డది కాదు. దానికో పరీక్ష ఉంది. చివరి వాక్యం తెలిశాక కథ మళ్లీ చదవబుద్ధి కావాలి.

మొపాసా 1884లో రాసిన 'నెక్లెస్' అనువాదాల ద్వారా మనవాళ్లకు బాగా పరిచయం. ఒక గుమాస్తా భార్య మతిల్డ్ ధనవంతురాలైన స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం అరువు తెచ్చుకుని విందుకు వెళుతుంది, అక్కడి నుంచి వస్తూ పోగొట్టుకుంటుంది. అలాంటిదే 36,000 ఫ్రాంకులకు కొని తిరిగి ఇచ్చేస్తారు. ఆ అప్పు తీర్చడానికి మొగుడూ పెళ్లాం పదేళ్లు చాకిరీ చేస్తారు. చివర్లో తెలుస్తుంది, మొదటి హారం నకిలీదనీ, దాని విలువ మహా అయితే 500 ఫ్రాంకులనీ.

ఇంతవరకే అయితే అది పాఠకుణ్ని బోల్తా కొట్టించడం అవుతుంది. కానీ కథ మళ్లీ తిరగేయండి. హారం ఉన్న పెట్టె మీద పేరు చూసి నగల వ్యాపారి దగ్గరకు వెళితే, తాను పెట్టె మాత్రమే ఇచ్చాననీ, హారం తాను అమ్మలేదనీ అంటాడు. మంచి హారం ఉంటే పెట్టె ఒకచోట, నగ మరొకచోట ఎందుకు కొంటారు? కొత్త హారం తిరిగి ఇచ్చినప్పుడు ఆ స్నేహితురాలు పెట్టె తెరిచి కూడా చూడదు. నిజం వజ్రాలైతే అలా ఉండగలదా? రచయిత మన కళ్ల ముందే ఆధారాలు పెట్టాడు. మతిల్డ్‌లాగే మనమూ మెరుపు చూసి ఆగిపోయాం. కథావస్తువు సరిగ్గా అదే. పాత్రకు జరిగిన పొరపాటును పాఠకుడి చేత కూడా చేయించడం ఆ కథ గొప్పదనం. గోడ మీద తుపాకీ కనిపిస్తే అది తర్వాత ఎప్పుడో పేలాలని చెహోవ్ అన్నాడని చెబుతుంటారు. మొపాసా తుపాకీని మనకు చూపించాడు, మనమే అది అలంకారమని అనుకున్నాం.

గాలివానలో పర్సు

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. తెలుగు కథ గురించి గర్వంగా చెప్పుకునేటప్పుడు ముందు గుర్తుకొచ్చే సంగతి ఇది. బహుమతి గురించి తెలిసినంతగా ఆ కథ లోపల ఏముందో తెలియదు చాలామందికి.

రావుగారు నియమాల మనిషి. తన జీవితాన్ని, ఇంటిని సూత్రాల మీద నడుపుకున్న పెద్దమనిషి. రైలు ప్రయాణంలో పెట్టెలోకి ఒక ముష్టి మనిషి వస్తుంది. ఆమె తీరు, చొరవ ఆయనకు నచ్చవు. దిగాల్సిన స్టేషనులో దిగేసరికి గాలివాన. చీకటి, భయం, ఒంటరితనం. ఆ రాత్రి ఆయనకు ధైర్యమిచ్చేది, ఒంటికి వెచ్చదనం ఇచ్చేది ఆ ముష్టి మనిషే. తెల్లారేసరికి ఆమె శిథిలాల కింద చనిపోయి ఉంటుంది. ఆమె చేతుల్లో ఆయన పర్సు, స్టేషనులో టిక్కెట్లు అమ్మిన డబ్బు.

గాలివాన మనిషి లోపలి తుపానుకు ప్రతీక అని ప్రతి నోట్సులోనూ ఉంటుంది. నిజమే, కాదనడానికి లేదు. కథకు పేరే అది. కానీ కథ ఊపిరి పీల్చేది పర్సు దగ్గర అని నాకనిపిస్తుంది. పర్సు లేకుండా ఈ కథ ఊహించండి. నిరుపేద స్త్రీ ఒక ధనికుణ్ని కాపాడి చనిపోయింది. కరుణ రసం పొంగుతుంది, అందరం కళ్లొత్తుకుంటాం, అక్కడితో సరి. పద్మరాజు అంత తేలిగ్గా మనల్ని వదల్లేదు. ఆమెకు దయ ఉంది, దొంగతనమూ ఉంది. రెండూ ఒకే రాత్రి, ఒకే మనిషిలో. రావుగారి సూత్రాల్లో మంచికి ఒక గది, చెడుకు ఒక గది వేరువేరుగా ఉండేవి. ఆ పర్సు ఆమె చేతిలో కనిపించిన క్షణాన ఆ రెండు గదుల మధ్య గోడ కూలిపోయింది. స్టేషను గోడలు కూల్చడం గాలికి సులువు. ఆ గోడ కూల్చడానికి పర్సు కావాల్సి వచ్చింది.

ప్రతీకను వెతికేటప్పుడు పాఠకులు గుర్తుంచుకోవాల్సింది ఇది. ఉరుము, నది, సముద్రం లాంటి పెద్దవి కంటికి వెంటనే ఆనతాయి. మంచి కథకుడు అసలు బరువును తరచూ చేతిలో పట్టే చిన్న సామాను మీద పెడతాడు. చాసో 'వాయులీనం'లో ఫిడేలు అలాంటిదే. భార్య జబ్బుకు డబ్బు కోసం భర్త ఆమె ఫిడేలు అమ్మేస్తాడు. అతను దుర్మార్గుడు కాదు, ఆమె బతకాలనే చేశాడు. ఎవరినీ తిట్టుకోవడానికి వీలు లేకుండా చేసి, ఆ ఫిడేలు విలువ ఎంతని చాసో మనల్ని అడుగుతాడు. మధ్యతరగతి ఇళ్లలో పెళ్లితో అటకెక్కిన సంగీతం, నాట్యం, బొమ్మలు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకు ఈ కథ వేరే వ్యాఖ్యానం లేకుండా అర్థమవుతుంది.

చెబుతున్నది ఎవరు?

ఒకే సంఘటనను ఎవరి కళ్లతో చూపిస్తున్నారన్నది కథలో సగం తీర్పు. చాసోదే 'ఎందుకు పారేస్తాను నాన్నా!' చూడండి. ఇంట్లో డబ్బుల్లేక చదువు ఆగిపోయిన పిల్లాడు. తండ్రి వాణ్ని చుట్టలు తెమ్మని పంపుతాడు. బడి వైపు వెళ్లాలంటే వాడికి సిగ్గు, బాధ. చాసో ఆ పిల్లాడి భుజం ఎత్తునే ఉండి కథ చెబుతాడు. పేదరికం గురించి పెద్దల వ్యాఖ్యానం చేయడు. పన్నులు, జీతాలు, వ్యవస్థ వంటి మాటలు రావు. బడికి వెళ్లే స్నేహితుల ఎదుట పడాల్సి రావడం ఆ వయసులో ఎంత పెద్ద శిక్షో, అంతే ఉంటుంది. శీర్షికలోని మాట ఆ పిల్లాడిదే. వాడు దాన్ని ఎప్పుడు, దేనికి జవాబుగా అంటాడో ఇక్కడ చెప్పను. మీరే చదవాలి.

బుచ్చిబాబు 'నన్ను గురించి కథ వ్రాయవూ?'లో దృష్టికోణమే కథావస్తువు. కుముదం అనే మామూలు అమ్మాయి కథకుణ్ని తన గురించి కథ రాయమని అడుగుతుంది. అతనికి ఆమెలో కథ కనిపించదు. కథలు రాసేవాడి కంటికి ఒక మామూలు ఆడదాని జీవితం ఎందుకు ఆనలేదన్నదే మనం చదివే కథ. కుముదానికి ఏం జరిగిందని మాత్రమే చూస్తే ఈ కథలో పెద్దగా ఏమీ లేదు. కథ చెబుతున్నవాణ్ని చూడటం మొదలుపెడితే ఆగడం కష్టం.

గొంతు సంగతి వచ్చింది కాబట్టి రాచకొండ విశ్వనాథశాస్త్రిని తలచుకోకుండా ముందుకు పోలేం. విశాఖపట్నంలో వకీలు. మద్యనిషేధం రోజుల్లో కోర్టుల చుట్టూ తిరిగిన బీదజనాన్ని దగ్గరగా చూసి 'ఆరు సారా కథలు' రాశాడు. అందులో 'మాయ' కథలో ముత్యాలమ్మ తన ఉత్తరాంధ్ర మాటలో పోలీసుల గురించి, కోర్టు గురించి, పెద్దమనుషుల గురించి చెప్పుకుపోతుంది. రాజ్యాంగ పండితులు పుస్తకాల్లో రాయాల్సిన విశ్లేషణ ఆమె నోట వాడుక మాటల్లో వస్తుంది. అదే విషయాన్ని పత్రికా వ్యాసం భాషలోకి మార్చి చూడండి. విషయం మిగులుతుంది, ముత్యాలమ్మ మాయమవుతుంది. ఆమెను మాయం చేసే భాష గురించే ఆ కథ.

గోదావరి జిల్లాల నుడికారానికి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఉన్నారు. ఆయన 'వడ్లగింజలు', 'గులాబీ అత్తరు' పైకి చదివితేనే రుచి తెలుస్తుంది, ఎవరు ఎవరికంటే పెద్దో, ఎవరికి ఎంత అహంకారమో సంభాషణలోనే తేలిపోతుంది. తెలంగాణ మాటకు వస్తే, పి.వి.నరసింహారావు 'విజయ' అనే కలం పేరుతో 1949లో 'కాకతీయ పత్రిక'లో రాసిన 'గొల్ల రామవ్వ'ను మరిచిపోకూడదు. నిజాం పాలన చివరి రోజులు. పోలీసులు తరుముతున్న ఒక యువకుడికి ముసలి రామవ్వ తన గుడిసెలో చోటిస్తుంది. వెతుకుతూ వచ్చినవాళ్లకు అతన్ని ఇంటి మనిషిగా చూపించి కాపాడుతుంది. ఉత్కంఠ అనే పనిముట్టును మనం డిటెక్టివ్ నవలలకే వదిలేశాం. ఇక్కడ ఆ ఉత్కంఠ మొత్తం ఒక ముసలమ్మ నోటి మాట మీద నిలబడి ఉంది. ఆమె యాస తడబడకపోవడమే యువకుడి ప్రాణం. ఈ కథను శిష్ట భాషలో రాసి ఉంటే యువకుడు మొదటి పేజీలోనే దొరికిపోయేవాడు.

'యజ్ఞం' ఎందుకంత నెమ్మది?

ఇక నా దృష్టిలో తెలుగు కథల్లో అన్నిటికంటే కష్టమైన కథ. కాళీపట్నం రామారావు (కారా) 'యజ్ఞం' 1966లో 'యువ'లో వచ్చింది. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ కథ మీద నడిచినంత వాదోపవాదం తెలుగులో మరో కథ మీద నడవడం అరుదు.

సుందరపాలెం అనే ఊరు. షావుకారు గోపన్నకు అప్పల్రాముడు బాకీ. ఎన్నాళ్లుగానో నానుతున్న తగువు శ్రీరాములునాయుడి ముందుకు పంచాయితీకి వస్తుంది. నాయుడు మంచివాడని పేరున్న పెద్ద, ఊరికి మేలు చేసినవాడు. మొదటిసారి చదివేవాళ్లు చాలామంది ఇక్కడే విసుక్కుంటారు. ఊరి చరిత్ర, ఊరి నక్ష, ఎప్పుడేం వచ్చింది, ఎవరి భూమి ఎలా చేతులు మారింది... కథ ఎక్కడ మొదలవుతుందని అడుగుతారు. చివరికి అప్పు ఒప్పుకోవాల్సి వస్తుంది. అప్పుడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను తానే నరికి, గోనెలో తెచ్చి ఆ సభ ముందు పడేస్తాడు. తన బిడ్డ బానిసగా బతకకూడదని.

ఆ చివరి పేజీ చదివి కొందరు భయపడ్డారు, కొందరు కోప్పడ్డారు. తండ్రి అలా చేస్తాడా, ఇది అసహజం కాదా అని అడిగారు. ఆ ప్రశ్నకు కారా జవాబు కథ మొదటి సగంలోనే ఉందని నేను నమ్ముతాను. ఆ నెమ్మది నడక శిల్పదోషం కాదు. పంచాయితీ ఎలా నడుస్తుందో కథ అలాగే నడుస్తుంది: మర్యాదగా, ఓపికగా, అందరి మాటా వింటూ, ఎవరూ గొంతు పెంచకుండా. రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, ఊరు బాగుపడింది అని చదువుతూ మనమూ తల ఊపుతాం. నాయుడు ధర్మంగానే మాట్లాడుతున్నాడని ఒప్పుకుంటాం. అప్పు తీసుకున్నవాడు తీర్చాలి కదా అని మనమూ అనుకుంటాం. అలా ఒక్కో మెట్టూ ఒప్పుకుంటూ వచ్చిన పాఠకుడు ఆ పంచాయితీలో ఒక పెద్దమనిషిగా కూర్చుని ఉన్నాడు. గోనెలోంచి నెత్తురు కారినప్పుడు ఆ తీర్పులో తన ఓటు కూడా ఉందని అప్పుడు తెలుస్తుంది. ఈ పని రెండు పేజీల కథతో అయ్యేది కాదు. పాఠకుడి చేత ఒప్పించడానికి అంత నిడివి కావాలి.

పేర్లు కూడా చూడండి. శ్రీరాములు, అప్పల్రాముడు, సీతారాముడు. తీర్పు చెప్పేవాడూ రాముడే, తీర్పుకు తల వంచేవాడూ రాముడే, తలవంచనివాడూ రాముడే. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇవన్నీ మామూలు పేర్లే, రచయిత ప్రత్యేకంగా ఏరుకున్నట్టు ఎక్కడా కనిపించదు. అయినా కథకు 'యజ్ఞం' అని పేరు పెట్టి, ధర్మం గురించిన చర్చలో ఆ ముగ్గురినీ ఒకే చోట నిలబెట్టినప్పుడు, ఆ పేర్లు ఊరుకోవు. యజ్ఞమంటే బలి ఉంటుంది. ఊరి అభివృద్ధి అనే యజ్ఞంలో బలి ఎవరన్న ప్రశ్నను కారా ఏ పాత్ర చేతా అడిగించలేదు. శీర్షికలో పెట్టి ఊరుకున్నాడు. శీర్షిక మనం ముందే చదివేశాం, దాని అర్థం అందింది చివర్లో.

మరి ఎలా చదవాలి?

దీనికి సూత్రాల పట్టిక ఇవ్వడం నాకిష్టం లేదు. ఉపమ, ప్రతీక, వ్యంగ్యం, దృష్టికోణం అని పేర్లు గుర్తుపట్టడం చదవడానికి మొదలు మాత్రమే. కథలో ఉపమ ఉందని గీత గీసిన విద్యార్థికి కథ అర్థమైనట్టు కాదు. ఆ ఉపమ అక్కడే ఎందుకు వచ్చిందని అడిగిన విద్యార్థికి అర్థమవడం మొదలైంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. కథ అయిపోగానే దాని గురించి మాట్లాడకండి. వెంటనే మళ్లీ చదవండి. రెండోసారి చదువుతున్నప్పుడు ఎక్కడ మీకు కొత్తగా ఏదైనా వినపడిందో, అక్కడ వేలు పెట్టండి. కథావస్తువు ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ప్రశ్నపత్రం మీ చేతిలో లేకపోవచ్చు, తరగతి మీ చేతిలో ఉంది. కథ పాఠం చెప్పిన రోజున నీతి అడిగే ముందు మరో ప్రశ్న అడిగి చూడండి: ఈ కథను ఇంకొకరి నోట చెప్పిస్తే ఏం మారుతుంది? 'గాలివాన'ను ఆ ముష్టి మనిషి చెబితే? 'దిద్దుబాటు'ను రాముడు చెబితే? పిల్లలు ఇచ్చే జవాబుల్లో గైడులో లేనివి వస్తాయి. వాటిలో కొన్ని మనం ఊహించనివి కూడా ఉంటాయి. వాటికి మార్కులు వేయడానికి వెనకాడకండి.

రెండోసారి చదవాలంటే ముందు కథ దొరకాలి. మన పాత కథలు చాలావరకు పత్రికల్లో పుట్టి పత్రికల్లోనే ఉండిపోయాయి. పుస్తకంగా రాని కథలు వేలల్లో ఉంటాయి. ఆ బాధతోనే కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. ఆయన 2021లో మనల్ని విడిచి వెళ్లారు, కథానిలయం పని నడుస్తోంది. దాని వెబ్‌సైటులో వేల కథలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మీ ఇంట్లో అటక మీదో, తాతగారి బీరువాలోనో పాత 'భారతి', 'యువ' సంచికలు ఉంటే, పాత కాగితాలవాడికి తూకం వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. అందులో కథ ఉంటే శ్రీకాకుళానికి ఒక కబురు పంపండి.